పన్ను మినహాయింపుకు ఓటేసి చెయ్యెత్తే ముందు పేరోల్ షీటు అడగండి: అమెరికా స్థానిక సంస్థల్లోని తెలుగువారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర కౌన్సిల్, ప్లానింగ్ బోర్డు, స్కూల్ బోర్డు సభ్యులకు నమస్కారం.

అమెరికాలో స్థానిక ఎన్నికల్లో నిలబడి గెలిచిన తెలుగువాళ్లు ఇవాళ చాలామందే ఉన్నారు. ఒకరిద్దరి ప్రమాణస్వీకారానికి నేనూ వచ్చి వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే మీకొచ్చే వంద వినతిపత్రాల్లో ఇదీ ఒకటైపోతుంది. ఇంటి భాషలో రాస్తే చివరిదాకా చదువుతారని ఆశ.

నేను న్యూజెర్సీలో ఉంటాను. నిర్మాణ కంపెనీలకు పేరోల్ లెక్కలు చూడటం నా పని. పదమూడేళ్లుగా పనివాళ్ల గంటలు, రేట్లు, కోతలు, చేతికొచ్చే మొత్తం వారం వారం చూస్తూనే ఉన్నాను. భవనాలు కట్టే డెవలపర్లకు మీరు ఆమోదించే ఆస్తి పన్ను మినహాయింపుల ఒప్పందంలో, పనివాళ్లకు ఇంత కూలి ఇవ్వాలని చెప్పే వేతన షరతు అని ఒక పేరా ఉంటుంది కదా, అది చివరికి వచ్చి పడేది నాలాంటి వాళ్ల టేబుల్ మీదే. అక్కడ దాని గతి ఏమవుతుందో మీకు చెప్పేవాళ్లు తక్కువ. డెవలపర్ లాయరు చెప్పడు. యూనియన్ వాళ్లు చెబుతారు గానీ వాళ్ల మాట మీరు సగమే నమ్ముతారు. అందుకని నేను చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. పన్ను మినహాయింపు పొందిన ఒక అపార్ట్‌మెంట్ భవనం కడుతున్నారు. మాది ప్రధాన కాంట్రాక్టరు ఆఫీసు. సబ్ కాంట్రాక్టర్లు పంపే సర్టిఫైడ్ పేరోల్ షీట్లు సరిచూసి ఫైల్లో పెట్టడం నా వంతు. ఆ షీటు చూడనివాళ్ల కోసం చెబుతాను. ఫెడరల్ పనులకు డబ్ల్యూహెచ్-347 అని ఒక ఫారం ఉంది, మిగతావీ ఇంచుమించు అలాగే ఉంటాయి. ఎడమ పక్క మనిషి పేరు, తర్వాత అతను చేసే పని రకం, ఆ పక్కన ఏడు రోజులకు ఏడు చిన్న గళ్లు, మొత్తం గంటలు, గంట రేటు, మొత్తం జీతం, కోతలు, చివర చేతికిచ్చిన సొమ్ము. దానికి జతగా ఇందులో రాసిందంతా నిజమేనని కాంట్రాక్టరు సంతకం. అబద్ధం రాస్తే శిక్ష తప్పదన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంటుంది.

ఒక శుక్రవారం సాయంత్రం షీట్‌రాక్, అంటే గోడలకు వేసే జిప్సం పలకలు, బిగించే పనివాడొకాయన సైటులో మా ఆఫీసు ట్రెయిలర్‌లోకి వచ్చాడు. వయసు యాభై దాటి ఉంటుంది. కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. ఇంగ్లీషు అంతంత మాత్రం. చొక్కా జేబులోంచి చిన్న స్పైరల్ పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. వచ్చిన టైము, వెళ్లిన టైము రోజూ పెన్సిల్‌తో రాసుకున్నాడు. అంతకు ముందు వారం మొత్తం 54 గంటలు. పక్కనే ఆ వారం అందిన సొమ్ము కాగితం పెట్టాడు. కోతలకు ముందు 1,350 డాలర్లు. నేను ఫైలు తీసి ఆయన పేరు వెతికాను. షీటులో గంటకు 45 డాలర్ల చొప్పున 30 గంటలు అని ఉంది. 45ని 30తో గుణిస్తే 1,350. లెక్క సరిగ్గా సరిపోయింది. రేటు కూడా ఒప్పందంలో ఉన్న రేటే. తప్పల్లా గంటల్లోనే ఉంది. 54 గంటలకు పంచితే ఆయనకు పడింది గంటకు 25 డాలర్లు. నిజానికి 40 గంటలకు 1,800, మిగతా 14 గంటలకు ఓవర్‌టైమ్ ఒకటిన్నర రెట్ల లెక్కన 945, మొత్తం 2,745 డాలర్లు రావాలి. అందులో సగం కూడా రాలేదు.

షీటు పైనుంచి కిందిదాకా చూశాను. ఆ సబ్ కాంట్రాక్టరు దగ్గర పనిచేసే పదకొండు మందికీ రోజుకు ఆరేసి గంటలే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒకటే అంకె. శనివారం గడులన్నీ ఖాళీ. గేటు దగ్గర సంతకాల పుస్తకం తెచ్చి చూస్తే అదే మనుషులు పొద్దున ఏడింటికి వచ్చి సాయంత్రం నాలుగున్నరకు వెళ్లారు. శనివారం కూడా వచ్చారు. రెండూ ఒకే ట్రెయిలర్‌లో, చేతికందే దూరంలో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు.

మా పైవాళ్లకు చెప్పాను. షీటు నిండుగా ఉందా, సంతకం ఉందా, అది చూడటమే మన పని అన్నారు. రెండు వారాల తర్వాత ఆ పెద్దాయన పేరు షీటులో లేదు. ఎక్కడికి పోయాడో నేను కనుక్కోలేదు. ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో ఒక చీటీ మీద రాసిచ్చినా బాగుండేది, అదీ చెయ్యలేదు. ఆ విషయం నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. భవనం పూర్తయింది, పన్ను మినహాయింపు మొదలైంది, వేతన షరతు నెరవేరినట్టు ఫైలు మూసేశారు.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, ఆ మినహాయింపు మీ ఓటుతో వస్తుంది కాబట్టి. రావాల్సిన పన్ను వదులుకున్నా, ఖజానాలోంచి తీసి చెక్కు రాసిచ్చినా ఊరికి ఒకటే నష్టం. కాకపోతే చెక్కు రాసిస్తే అందరికీ కనిపిస్తుంది, వదులుకున్నది కనిపించదు. న్యూయార్క్ నగరంలో 421-ఏ అని ఒక పన్ను మినహాయింపు 1971 నుంచి నడిచింది. 2022 ఆర్థిక సంవత్సరంలో దాని వల్ల నగరానికి రాని పన్ను 177 కోట్ల డాలర్లని నగర ఆర్థిక లెక్కలు చూసే కంప్‌ట్రోలర్ ఆఫీసు తేల్చింది. ఒక్క ఏడాదికి, ఒక్క నగరంలో. మా న్యూజెర్సీలో దీర్ఘకాలిక మినహాయింపు చట్టం కింద భవనం మీద మామూలు పన్ను బదులు ఏటా ఒక చెల్లింపు కడతారు. దాన్నే అందరూ పైలట్ అంటారు. ఇది 30 ఏళ్ల దాకా సాగొచ్చు. ఆ చెల్లింపులో 5 శాతం కౌంటీకి వెళ్తుంది, మిగతా 95 శాతం మున్సిపాలిటీ ఉంచుకుంటుంది. స్కూల్ డిస్ట్రిక్టుకు అందులో చట్టప్రకారం వాటా లేదు, ఊరు తనంతట తాను ఇస్తే తప్ప. స్కూల్ బోర్డుల్లో ఉన్నవాళ్లు ఈ లెక్క నాకంటే బాగా ఎరుగుదురు. పిల్లల క్లాసు గదులకు రావాల్సిన డబ్బుతో కట్టిన గోడ అది. ఆ గోడ బిగించినవాడికి పూర్తి కూలి ముట్టిందా అని అడిగే హక్కు మీకు ఉంది.

షరతులు రాయలేదని నేను అనడం లేదు. చాలాచోట్ల రాశారు. న్యూయార్క్‌లో ఈ షరతుల కోసం జరిగినంత గొడవ ఇంకెక్కడా జరగలేదేమో. 2015లో 421-ఏని పొడిగిస్తూ శాసనసభ ఒక మెలిక పెట్టింది: బిల్డర్ల సంఘం, నిర్మాణ యూనియన్లు కూర్చుని కూలి రేట్ల మీద ఒప్పందానికి రావాలి, రాకపోతే మినహాయింపు ఆగిపోతుంది. వాళ్లు ఒప్పందానికి రాలేదు. 2016 జనవరి 15న అది ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో రాజీ కుదిరి, 2017 ఏప్రిల్‌లో కొత్త పేరుతో మళ్లీ వచ్చింది. మన్‌హటన్‌లో 96వ వీధికి దక్షిణాన 300, అంతకు మించి ఇళ్లున్న భవనాలకు బెనిఫిట్లతో (ఆరోగ్య బీమా, పెన్షన్ లాంటివి) కలిపి గంటకు సగటున 60 డాలర్లు. బ్రూక్లిన్, క్వీన్స్‌లలో నది ఒడ్డునున్న ప్రాంతాలకు 45 డాలర్లు. ఆ షరతుకు ఒప్పుకున్నవాళ్లకు 35 ఏళ్ల మినహాయింపు.

ఇందులో సగటున అనే మాట దగ్గర కాస్త ఆగండి. పేరోల్ చూసేవాళ్లకు ఆ ఒక్క మాట చాలు. క్రేన్ నడిపేవాడికి, ఎలివేటర్ బిగించేవాడికి బెనిఫిట్లతో కలిపి గంటకు వంద డాలర్లు దాటిపోతుంది. వాళ్ల గంటలు, చెత్త మోసి, గచ్చు ఊడ్చి, సిమెంటు మూటలు మోసేవాళ్ల గంటలు ఒకే కుప్పలో పోసి భాగిస్తే 60 వస్తుంది. గంటకు 100 డాలర్ల మనిషి ఒకడు, 20 డాలర్ల మనిషి ఒకడు సమానంగా పనిచేస్తే సగటు 60. చట్టం నెరవేరింది, 20 డాలర్లవాడికి ఒక్క సెంటు కూడా పెరగలేదు. లెక్కలు ఆడిట్ చేయడానికి ఆ చట్టంలో ఏర్పాటు ఉంది, సగటు తగ్గితే ఆ లోటు కట్టించే పద్ధతీ ఉంది. అవి మంచివే. కానీ సగటు తగ్గకపోతే అట్టడుగున ఉన్నవాడి గోడు అక్కడ ఎవరికీ పట్టదు. మీ ఊరి తీర్మానంలో సగటు అనే మాట కనిపిస్తే కొట్టేయించండి. ప్రతి పనికీ ఒక కనీస రేటు, అది ప్రతి మనిషికీ దక్కాలి. ఇదేం కొత్త కాదు. ఫెడరల్ డేవిస్-బేకన్ చట్టం 1931 నుంచి పని రకాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి విడివిడిగా రేట్లు పెడుతూనే ఉంది. ప్రివెయిలింగ్ వేజ్ అంటే అదే, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న కూలి రేటు.

పని రకం దగ్గర ఇంకో దొంగదారి ఉంది, దాన్నీ చెప్పే పోతాను. షీట్‌రాక్ బిగించే కార్పెంటర్‌ని షీటులో లేబరర్, అంటే మామూలు కూలీ అని రాస్తారు. లేబరర్ రేటు కార్పెంటర్ రేటు కంటే తక్కువ. చేతిలో స్క్రూ గన్, నడుముకు కార్పెంటర్ బెల్టు, కాగితం మీద మాత్రం లేబరర్. ఇది ఆఫీసులో కూర్చుంటే ఎప్పటికీ దొరకదు. సైటుకు వెళ్లి ఆ మనిషి ఏం చేస్తున్నాడో కళ్లతో చూడాలి. ఇన్‌స్పెక్టర్లు భవనం చూడటానికి వెళ్తూనే ఉంటారు కదా, ప్లంబింగ్ చూడటానికి, వైరింగ్ చూడటానికి. మనుషుల్ని చూసే ఇన్‌స్పెక్టరు ఒకరు ఉండాలి. ఆ జీతం ఎవరిస్తారంటారా? మినహాయింపు దరఖాస్తుకు ఎలాగూ ఫీజు కట్టించుకుంటారు. అందులోంచే ఇవ్వండి.

421-ఏ 2022 జూన్‌లో ముగిసింది. దాని స్థానంలో 2024 ఏప్రిల్ బడ్జెట్‌తో 485-ఎక్స్ వచ్చింది. ఈసారి 100, అంతకు మించి ఇళ్లున్న ప్రాజెక్టులకు బెనిఫిట్లతో కలిపి గంటకు కనీసం 40 డాలర్లు అన్నారు, ఏటా రెండున్నర శాతం పెరిగేలా. కొన్ని ప్రాంతాల్లో 150 దాటితే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత జరిగింది పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. 99 ఇళ్ల భవనాలకు దరఖాస్తులు వరస కట్టాయి. పెద్ద స్థలాల్లో కూడా 99కే ఆపేసిన ప్లాన్లు వచ్చాయి. ఇళ్లు చాలక జనం అల్లాడుతున్న నగరంలో కట్టగలిగిన ఇళ్లు కట్టకుండా వదిలేశారు, వందో ఇంటితో కూలి రేటు మారిపోతుంది కాబట్టి.

దీన్ని చూపించి, వేతన షరతు పెడితే ఇలాగే ఉంటుంది, అసలు తీసేయండి అని మీ దగ్గరికి వస్తారు. బిల్డర్లు చెప్పేదంతా అబద్ధమని నేను అనను. నేను వాళ్ల దగ్గరే పనిచేస్తున్నాను, వాళ్ల లెక్కలు నాకు తెలుసు. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు, ఇనుము ధర పెరిగినప్పుడు ప్రాజెక్టు మీద మిగిలేది నిజంగానే సన్నగిల్లుతుంది. 99 ఇళ్ల ప్లాన్ వేసిన వ్యాపారి తన లెక్క తాను చూసుకున్నాడు. తప్పు గీత గీసిన తీరులో ఉంది. 99 దగ్గర సున్నా, 100 దగ్గర మొత్తం అని గోడ కడితే ఎవరైనా గోడకు ఇవతలే ఆగుతారు. దానికి బదులు మెట్లు కట్టాలి. చిన్న భవనానికి కొంచెం షరతు, కొంచెం మినహాయింపు. పెద్దదవుతున్న కొద్దీ రెండూ కలిసి పెరగాలి. ఒక్క ఇల్లు అదనంగా కట్టినందుకు ఎవరి లెక్కా తారుమారు కాకూడదు.

న్యూయార్క్‌లోనే ఇంకో చట్టం 2022 నుంచి అమల్లో ఉంది. 50 లక్షల డాలర్లు దాటిన ప్రైవేటు నిర్మాణంలో ప్రభుత్వ సాయం 30 శాతం ఉంటే ప్రివెయిలింగ్ వేజ్ ఇవ్వాలి. అక్కడా అదే చిక్కు. సాయం 30కి కాస్త కింద ఉంటే చాలు, ఆ రేటు ఇవ్వక్కర్లేదు.

ఇక కొందరు సభ్యులు మంచి మనసుతోనే ఇంకో దారి ఎంచుకుంటారు. ఇవన్నీ ఎందుకు, యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నవాళ్లకే మినహాయింపు ఇస్తామంటే సరిపోతుంది కదా అని. జెర్సీ సిటీ అలాగే చేసింది. పెద్ద ప్రాజెక్టులకు పన్ను మినహాయింపు కావాలంటే ప్రాజెక్ట్ లేబర్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలని ఆర్డినెన్సు తెచ్చింది. కాంట్రాక్టర్ల సంఘం కోర్టుకెక్కింది. 2016లో ఫెడరల్ మూడో సర్క్యూట్ కోర్టు నగరం వాదనను ఒప్పుకోలేదు. ప్రభుత్వం సొంత డబ్బుతో సొంత పని చేయించుకుంటున్నప్పుడు ఎవరైనా యజమాని లాగే అలాంటి ఒప్పందం కోరవచ్చు, బోస్టన్ హార్బర్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే అలా చెప్పింది. కానీ పన్ను మాత్రమే వదులుకుంటున్న నగరం ఆ భవనానికి యజమాని కాదు, కొనుగోలుదారూ కాదు. అది అక్కడ పాలకుడి పాత్రలో ఉంది, అందుకని ఫెడరల్ లేబర్ చట్టాల పరిధి అడ్డొస్తుంది. సారాంశం ఇది. మీ సిటీ అటార్నీతో కూర్చుని మీ రాష్ట్రంలో ఏది నిలబడుతుందో ముందే తేల్చుకోండి. కనీస కూలి ఇంత అని పెట్టడం ఒకటి, ఫలానా యూనియన్‌తోనే ఒప్పందం చేసుకోవాలనడం మరొకటి. రెండోదాన్ని తొందరపడి రాస్తే కోర్టులో ఏళ్లు గడిచిపోతాయి, ఈలోగా మొదటిది కూడా మూలన పడుతుంది.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మీ దగ్గర చాప్టర్ 313 అని స్కూల్ పన్ను తగ్గించే పథకం 2001లో వచ్చి 2022 చివరితో ముగిసింది. అందులో 25 ఉద్యోగాలు ఇవ్వాలి, గ్రామీణ ప్రాంతాల్లో అయితే పది, వాటికి మంచి జీతం ఉండాలి అని షరతు ఉండేది. చదవడానికి బాగుంది. అయితే ఆ పరిశ్రమకు అంతమంది అవసరం లేదని చూపిస్తే ఉద్యోగాల సంఖ్య నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని అదే చట్టంలో ఉండేది. గాలిమర విద్యుత్ ప్రాజెక్టులకు అలా వరసగా ఇచ్చుకుంటూ పోయారు. పన్నులో మినహాయింపు, దాని షరతులో మళ్లీ మినహాయింపు. మీ తీర్మానంలో ఎవరి అనుమతితోనైనా షరతు సడలించవచ్చు అనే వాక్యం ఉంటే, ఆ సడలింపు బహిరంగ సమావేశంలో ఓటుతోనే జరగాలని రాయించండి. ఆఫీసులో ఒక సంతకంతో జరగనివ్వకండి.

మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. షికాగో ఉన్న కుక్ కౌంటీలో పారిశ్రామిక ఆస్తుల విలువలో 25 శాతం మీద పన్ను లెక్కగడతారు. క్లాస్ 6బి రాయితీ దొరికితే మొదటి పదేళ్లు అది 10 శాతానికి దిగుతుంది, పదకొండో ఏడు 15, పన్నెండో ఏడు 20. చాలా పెద్ద లాభం. దానికి అర్హత విషయంలో 2015లో ఆ కౌంటీ ఒక నిబంధన తెచ్చింది: జీతాలు ఎగ్గొట్టినట్టు రుజువైన కంపెనీకి ఐదేళ్ల పాటు కౌంటీ కాంట్రాక్టులూ ఉండవు, ఆస్తి పన్ను రాయితీలూ ఉండవు. నాకు ఇది బాగా నచ్చింది. ఎందుకంటే ఇది రాబోయే పనికి హామీ అడగడంతో ఆగలేదు, చేసిన పని చరిత్ర అడిగింది. కంపెనీల పేర్లు మారుతుంటాయి, పేరోల్ పని చేసే మాకు ఆ మనుషులు మాత్రం వాళ్లేనని తెలుసు. కాబట్టి మీరు రాసేటప్పుడు కంపెనీ పేరుతో పాటు యజమానుల పేర్లు కూడా అడగండి.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. షరతు తప్పితే ఏం చెయ్యాలి? దాదాపు ప్రతి ఒప్పందంలో 'మినహాయింపు రద్దు చేయబడును' అని ఉంటుంది. నేను చూసినంతలో అది జరగలేదు. జరగకపోవడానికి కారణమూ ఉంది. భవనం కట్టేశారు, జనం దిగారు, తక్కువ అద్దె ఇళ్లలో పేదవాళ్లూ దిగారు. ఇప్పుడు 30 ఏళ్ల మినహాయింపు రద్దు చేస్తే యజమాని దివాలా అంటాడు, బ్యాంకు కోర్టుకు పోతుంది, అద్దెకున్నవాళ్లు రోడ్డున పడతామేమోనని టెన్షన్ పడతారు. ఏ కౌన్సిల్ అంత సాహసం చేస్తుంది? శిక్ష మరీ పెద్దదైతే అది కాగితం మీదే ఉండిపోతుంది. కాంట్రాక్టర్లకు ఈ సంగతి మీకంటే బాగా తెలుసు.

2022లో ఫెడరల్ ప్రభుత్వం సోలార్, గాలిమర ప్రాజెక్టుల ఇన్‌కమ్ ట్యాక్స్ రాయితీలకు వేతన షరతు పెట్టినప్పుడు దీన్ని తెలివిగా రాసింది. పెట్టుబడి మీద మామూలుగా 6 శాతం రాయితీ, ప్రివెయిలింగ్ వేజ్ ఇచ్చి అప్రెంటిస్‌లను పెట్టుకుంటే ఐదు రెట్లు, అంటే 30 శాతం. ఇది ఆస్తి పన్ను వ్యవహారం కాదు, ఆ రాయితీల మీద తర్వాత రాజకీయం కూడా మారింది. కానీ తప్పు జరిగితే సరిదిద్దుకునే పద్ధతి చూడండి. ఎవరికైనా తక్కువ ఇచ్చినట్టు తేలితే, ముందు ఆ పనివాడికి తేడా మొత్తం వడ్డీతో సహా ఇవ్వాలి. ఆపైన ఒక్కో పనివాడికి 5,000 డాలర్ల చొప్పున జరిమానా ప్రభుత్వానికి కట్టాలి. అప్పుడే రాయితీ నిలుస్తుంది. కావాలనే ఎగ్గొట్టినట్టయితే తేడాకు మూడింతలు, జరిమానా 10,000. డబ్బు మొదట చేరేది పనివాడికి. భవనానికేం కాదు, అద్దెకున్నవాళ్లకేం కాదు. అమలు చెయ్యడానికి ఎవరూ భయపడనక్కర్లేదు. మీ ఒప్పందాల్లో ఇలాంటిది ఉండాలి. రద్దు అనే పెద్ద గొడ్డలి పక్కన పెట్టి, తప్పు జరిగిన ఏడాదికి మినహాయింపులో కొంత భాగం ఆపే చిన్న కత్తి చేతిలో ఉంచుకోండి.

ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టాలి? ఆ పెద్దాయన్ని పెట్టుకున్న సబ్ కాంట్రాక్టరు ఆ భవనం పూర్తయ్యే నాటికి కంపెనీ మూసేశాడు. ఫోన్ నంబరు కూడా పనిచేయలేదు. న్యూయార్క్ 2021లో దీనికి చట్టం చేసింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కింద ఎవరు ఎగ్గొట్టినా పైనున్న ప్రధాన కాంట్రాక్టరు కూడా బాధ్యుడే. అలాంటి చట్టం ఉన్న చోట ప్రధాన కాంట్రాక్టర్ల ఆఫీసుల్లో సబ్ కాంట్రాక్టర్ల పేరోల్ మీద చూపు మారుతుంది. రేపు ఆ బకాయి తమ మెడకే చుట్టుకుంటుందంటే, షీటు నిండుగా ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఎవరూ సరిపెట్టుకోరు. మీ రాష్ట్రంలో అలాంటి చట్టం లేకపోయినా, పన్ను ఒప్పందంలో డెవలపర్ దగ్గర ఆ హామీ తీసుకోవచ్చేమో మీ అటార్నీని అడగండి.

భవనం కట్టేశాక పనిచేసేవాళ్ల గురించి ఒక్క మాటే రాస్తాను. తలుపు దగ్గర నిలబడేవాళ్లు, మెట్లు తుడిచేవాళ్లు, బాయిలర్ చూసేవాళ్లు. న్యూయార్క్ మినహాయింపుల్లో వీళ్లకు కూడా ప్రివెయిలింగ్ వేజ్ ఇవ్వాలని ఉంది. కట్టే పని రెండేళ్లలో అయిపోతుంది, తుడిచే పని 35 ఏళ్లు ఉంటుంది. మీ తీర్మానాల్లో చాలావాటిలో వీళ్ల ఊసే లేదు.

మన తెలుగువాళ్లలో ఇలాంటి భవనాల్లో పెట్టుబడి పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వీకెండ్ పార్టీల్లో వినిపించేదే అది, ఫలానా ప్రాజెక్టులో యూనిట్లు తీసుకున్నాం, ఇరవై ఏళ్ల ట్యాక్స్ అబేట్‌మెంట్ ఉంది అని. తప్పేం లేదు. కష్టపడి సంపాదించిన డబ్బు. కానీ మీ నియోజకవర్గంలో మీకు విరాళం ఇచ్చేవాళ్లు వాళ్లే కావచ్చు, మీ పక్కింటివాళ్లూ వాళ్లే కావచ్చు. అందుకని ఈ ప్రశ్న అడగడం మీకు ఇంకొంచెం కష్టం. కష్టమని తెలిసే మిమ్మల్ని అడుగుతున్నాను.

మీ ఊళ్లో ఇప్పటికే మినహాయింపు మంజూరై, ఇంకా పని నడుస్తున్న భవనం ఒకటి ఉండే ఉంటుంది. వచ్చే సమావేశానికి ఆ భవనంవి మూడు కాగితాలు తెప్పించండి: ఒక వారం సర్టిఫైడ్ పేరోల్ షీటు, అదే వారం గేటు దగ్గర సంతకాల పుస్తకం, అదే వారం ఇచ్చిన చెక్కుల లెక్క. పనివాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు, చిరునామాలు కనిపించకుండా నల్లగా కొట్టించండి. మిగతాది ఉండనివ్వండి. మూడింటినీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి శనివారం గడి దగ్గర వేలు పెట్టి చూడండి.

ఎలా చదవాలో తెలియకపోతే కబురు చెయ్యండి. సాయంత్రం ఏ టైముకైనా వచ్చి మీ పక్కన కూర్చుని చూపిస్తాను. ఫీజేమీ వద్దు. సైటులో అందరికీ కనిపించే చోట స్పానిష్‌లోనూ, అక్కడివాళ్లు మాట్లాడే మిగతా భాషల్లోనూ ఒక నోటీసు అంటించే ఏర్పాటు మాత్రం చెయ్యండి. ఈ భవనంలో నీ పనికి గంటకు ఇంత రావాలి, తక్కువ వస్తే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి అని. ఆ రోజు నేను రాసివ్వని చీటీ అది.

ఇట్లు,
పేరోల్ లెక్కలు చూసుకునే ఒక తెలుగు మనిషి,
న్యూజెర్సీ